హంసపాదు

మా వార్డులో మంచాలు లేవు, కుర్చీలే. వెనక్కి వాలే పెద్ద కుర్చీలు ఎనిమిది, ఒక్కోదాని పక్కన ఒక సెలైను స్టాండు, కాళ్ళ దగ్గర వాంతికి ఒక బేసిను. పొద్దున ఎనిమిదింటికి వచ్చిన కాన్సరు రోగులు మందు ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోతారు. కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే స్థలం కనిపిస్తుంది, దాని అవతల దుప్పట్లు ఉతికే షెడ్డు. ఇరవై రెండేళ్ళు అక్కడ నర్సుగా పనిచేశాను. నన్ను 'గడియారం సిస్టరు' అనేవారు. ఐదు కొట్టేసరికి నా కుర్చీలన్నీ ఖాళీ అవ్వాల్సిందే. అది నా గొప్ప. ఆ గొప్పే నా కొంప ముంచింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మందు మొదలుపెట్టే ముందు రోగిని మూడు ప్రశ్నలు అడగాలి. మీ జబ్బు ఏమిటో మీకు తెలుసా? ఈ మందు ఏం చేస్తుందో తెలుసా? ఎక్కించుకోవడానికి ఒప్పుకుంటున్నారా? జవాబు రోగే చెప్పాలి, చెప్పింది చెప్పినట్టు మేం కాగితం మీద రాయాలి. రోగికి బొత్తిగా మాట రాకపోతే పక్కనున్న మనిషిని అడగాలి. ముసలివాళ్ళ దగ్గర ఈ పని మరీ జాగ్రత్తగా చేయాలి. వయసు మళ్ళిన ఒంటికి ఆ మందు ఒకోసారి నాలుగు నెలల ఊపిరి పోస్తుంది, ఒకోసారి జబ్బు కంటే ముందు తనే తీసుకుపోతుంది. ఆ జూదం ఆడాలో వద్దో తేల్చుకోవలసింది ఆ మనిషే.

ప్రూఫుల తాతగారు మా దగ్గరికి వచ్చేసరికి ఆయనకి డెబ్బై ఆరేళ్ళు. అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. నాలుక మొదట్లో పుట్టిన గడ్డ మెడలోకి దిగింది. అప్పటికే రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడంతో మెడ చెక్కలా బిగుసుకుపోయి అటూ ఇటూ తిరిగేది కాదు. ఊపిరి ఆడటానికి గొంతు కింద రంధ్రం చేసి గొట్టం అమర్చారు. ఆ గొట్టాన్ని వేలితో మూసుకుంటే ముక్కులోంచి కాస్త ధ్వని వచ్చేది, అంతే. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే చొక్కా జేబులోంచి ఎర్ర సిరా కలం తీసి చీటీ మీద రాసేవారు. ఆయన అక్షరాలు అచ్చు వేసినట్టు ఉండేవి.

వచ్చిన మొదటిరోజు రక్తం తీయబోతే నరం జారిపోయింది. "ఆదిలోనే హంసపాదు" అని గొణుక్కున్నాను. ఆ మాట వినగానే తాతగారి ముఖం వెలిగిపోయింది. చీటీ తీసి, పక్షి కాలి గుర్తులాంటి చిన్న గీత గీసి, పక్కన రాశారు: "ఇదే అసలు హంసపాదు. అక్షరం ఎక్కడ జారిపోయిందో అక్కడ పెడతాం. ఇది తప్పు కాదమ్మా, దిద్దుబాటు." నాకూ నవ్వొచ్చింది.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గోడ మీద నేను రాసి అంటించిన 'నిశబ్ధం పాటించండి' ఆయన కంటబడింది. లేచి వెళ్ళి, 'శ' పక్కన ఎర్ర హంసపాదు పెట్టి, పైన శ వత్తు రాసి, 'ధ' అడుగున గీత కొట్టేశారు. జూనియర్ నర్సులు కిసుక్కుమన్నారు. నలుగురిలో నా పరువు తీశాడు ముసలాయన అనుకున్నాను. నిజం చెప్పేస్తున్నాను, ఆ మంట నాలో ఉండిపోయింది.

మందు ఎక్కించాల్సిన రోజు శనివారం. సాయంత్రం నాలుగు ముప్పావు. పెద్ద డాక్టరు గారు కారు తాళాలు చేత్తో ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డారు. ఆయనకి అంతా తొందరే. కుర్చీలోంచి లేచి నాలుగడుగులు నడిచి వచ్చి కూర్చోమంటే తాతగారికి అర నిమిషం పట్టింది, అయినా "వయసుదేముంది, నడుస్తున్నాడు చాలు" అని రాసేశారు. రోగికి తోడు ఒక్కరినే లోపలికి రానిస్తాం. తాతగారి భార్య బయట బల్ల మీద ఉండిపోయింది. లోపలికి వచ్చింది మేనల్లుడు. పిల్లల్లేని ఆ ఇద్దరూ పెంచి పెద్దచేసిన వాడు. మామయ్యంటే ప్రాణం. "ఏమీ చేయకుండా వదిలేశాడని రేపు నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు సిస్టర్, కానివ్వండి" అంటున్నాడు.

మందు కలిపిన సంచీ, పది నిమిషాల్లో దిగిపోయే చిన్నది, కింద మందుల గది నుంచి అప్పటికి వచ్చింది. కాగితం తర్వాత చూసుకుందాంలే అని తాతగారి కుడి చేతికి సూది పెట్టేసి, చెయ్యి కదలకుండా అట్టకి కట్టేశాను. అప్పుడు ప్రశ్నలకి దిగాను. రాయబోతే నా పెన్ను పలకలేదు. చొరవగా ఆయన జేబులోంచి ఎర్ర కలం లాగి తీసుకున్నాను. దొరికావులే అనుకున్నాను కూడా.

"ఒప్పుకుంటున్నారా తాతగారూ?"

ఆయన ఎడమ వేలు గొట్టం మీద పెట్టారు. "ఊ..." అన్నారు. వేలు ఎత్తారు. గాలి బుస్సుమంది. మళ్ళీ మూశారు. "...ఊఁ."

నేను చూశాను. వేలు లేవడం చూశాను. ఆయన నా కళ్ళలోకే చూస్తున్నారు. తర్వాత ఎడమ చేత్తో జేబు తడుముకున్నారు. జేబు ఖాళీ.

"ఏమన్నారు?" గుమ్మంలోంచి డాక్టరు గారు.

"ఊఁ అన్నారండీ" అన్నాడు మేనల్లుడు.

"ఊఁ అన్నారు సార్" అన్నాను నేను.

"మొదలుపెట్టేయ్."

కాగితం మీద ఆయన కలంతోనే రాశాను. 'ఊఁ అన్నారు. సమ్మతించారు.' చుక్కలు దిగడం మొదలైంది. తాతగారు ఆ ఎర్ర అక్షరాల వైపే చూస్తూ ఉండిపోయారు. తలాడించడానికి ఆయన మెడ తిరగదు.

పన్నెండో రోజు ఆయన పోయారు. ఈ మందు పడ్డాక పది పన్నెండు రోజులకి రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. కుర్రవాళ్ళయితే లేచి కూర్చుంటారు. ఆయనకి జ్వరం వచ్చింది, మంచాలున్న పై వార్డులో చేర్చారు, మూడు రోజులు ఒళ్ళు కాగిపోయింది. పోయేటప్పుడు కూడా ఎడమ చెయ్యి జేబు దగ్గరే తడుముతూ ఉందని ఆ వార్డు ఆయా చెప్పింది. ఆ కలం నా డ్రాయరులో ఉంది.

నెల తిరగకుండానే ఆయన భార్య వచ్చింది. సన్నటి మనిషి. కళ్ళలో నీళ్ళు లేవు. కాగితం చూపించమంది. కళ్ళద్దాలు పెట్టుకుని రెండు సార్లు చదివింది.

"ఈ రాత మీదేనామ్మా?"

"అవునండీ. ఆయన ఊఁ అన్నారు."

"ఇంట్లో నాకు రాసి చూపించారు. 'మందు వద్దు. నీ పక్కన పడుకుని పోతాను. అక్కడా ఇదే చెప్తాను' అని." ఆవిడ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "గొట్టం వేసిన దగ్గర్నుంచి ఆయన ఊహూఁ అంటే మధ్యలో హ పలికేది కాదు. దానికి బదులు వేలు ఎత్తేవారు. వేలు ఎత్తారా?"

"లేదండీ" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి మడిచింది. "మావాడూ ఇదే మాట అన్నాడు. మొన్న గురువారం అన్నం తింటున్నవాడు, వీధిలోంచి ఎవరో ఏదో అడిగినట్టు ఊఁ అంటూ లేచి వెళ్ళాడట. రోడ్డు దాటలేదు. లారీ." పెంచిన బిడ్డ గురించి చెబుతున్నట్టు లేదు, పక్కింటి వార్త చెబుతున్నట్టు ఉంది. "తప్పు కంటబడితే దిద్దకుండా ఆయనకి నిద్ర పట్టదమ్మా. నలభై ఎనిమిదేళ్ళు చూశాను. నేను అడ్డం చెప్పను."

పిచ్చిది అనుకున్నాను. అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

తర్వాత పెద్ద డాక్టరు గారిలో మార్పు కనిపించింది. పది అడిగితే తొమ్మిది కాదనే మనిషి, ఎవరేం అడిగినా ఊఁ అనడం మొదలుపెట్టారు. సెలవిస్తారా అంటే ఊఁ. ఈ ముసలమ్మకి ఇంకో డోసు వేద్దామా అంటే ఊఁ. అంటూనే గొంతు పట్టుకుని కళ్ళు పెద్దవి చేసేవారు. మా వాళ్ళు నవ్వుకునేవారు, దేవుడు బుద్ధి మార్చాడని. ఒక బుధవారం నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. లిఫ్టు మాత్రం రాలేదు. పక్కనున్న లిఫ్టు మనిషి ఆగండి ఆగండి అంటున్నాడు. ఆయన చీకటి గుంటలోకి చూసి, ఊఁ అని, అడుగు వేశారు.

ఆ కబురు విన్న సాయంత్రమే నేను ఆ కాగితం చించేద్దామని నిశ్చయించుకున్నాను.

వాన పట్టిన రోజు. ఐదున్నరకే చీకటి కమ్మింది. కుర్చీలు ఖాళీ. ఆయా బేసిన్లు కడిగి వెళ్ళిపోయింది. ట్యూబు లైటు ఒకటి కొట్టుకుంటోంది. వార్డు చివర ఫైళ్ళ గది, చిన్నది, కిటికీ లేనిది. తలుపు తీయగానే వాసన కొట్టింది. మా ఆసుపత్రి వాసన కాదు. తడి కాగితం, కిరోసిను, అచ్చు సిరా.

ఫైలు చేతికి వెంటనే తగిలింది, నా కోసం ముందుకు జరిపి పెట్టినట్టు. కాగితం తీశాను. 'ఊఁ అన్నారు.' ఊకీ అరసున్నకీ మధ్య ఎర్రగా హంసపాదు. దాని పైన, అచ్చు వేసినట్టు, 'హూ'. కింద 'సమ్మతించారు' అన్న మాట మీద అడ్డగీత.

సిరా ఇంకా తడిగా ఉంది. నా వేలికి అంటుకుంది.

దాని వెనక ఇంకో కాగితం ఉంది. కొత్త ఫారం. రోగి పేరు దగ్గర నా పేరు.

వార్డులో స్టాండు చక్రం కీచుమంది. తర్వాత ఆ చప్పుడు... స్... స్... గొట్టంలోంచి తడి ఊపిరి. ఇరవై రెండేళ్ళుగా వింటున్న చప్పుడే. రోజంతా విన్నా భయం వేయనిది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఎప్పుడూ వినలేదు.

దగ్గరికి వచ్చింది. నా వెనక ఆగింది. మెడ మీద చల్లగా తగులుతోంది. తిరగాలని ఉంది. మెడ తిరగలేదు. చెక్కలా బిగిసిపోయింది.

"మీ జబ్బు ఏమిటో మీకు తెలుసా?"

గుసగుస. నా మాటలే, నా తొందరే. కానీ గొంతు నాది కాదు. ఒక్కో అక్షరం విడివిడిగా, శుభ్రంగా, ఎక్కడా తడబడకుండా. నేను పెదాలు బిగించుకున్నాను. లోపల్నుంచి దానంతట అదే వచ్చేసింది.

"ఊఁ."

"మీ పని ఏం చేసిందో తెలుసా?"

"ఊఁ." ఏడుస్తున్నాను. తెలుసు కదా. తెలిసే కదా చేశాను.

"నాతో రావడానికి ఒప్పుకుంటున్నారా?"

ఒంట్లో ఉన్న సత్తువంతా కూడగట్టాను. ఊహూఁ అనాలి. అంతే. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట. నోరు తెరవక్కర్లేని మాట. "ఊ..." అన్నాను. గొంతు గుంటలో చల్లటి వేలు ఆనింది. నొక్కింది... లేచింది... మళ్ళీ నొక్కింది.

"...ఊఁ."

చెవి పక్కనే కలం గీస్తున్న చప్పుడు. తొందరేమీ లేకుండా. నాలుగు అక్షరాలు, ఒక వత్తు, ఒక చుక్క. ఆయన కలం ఉన్న నా డ్రాయరుకి తాళం వేసి ఉంది, ఆ తాళంచెవి నా నడుముకే ఉంది.

లైటు నిలకడగా వెలిగేసరికి గదిలో ఎవరూ లేరు. నేను పరుగెత్తాను. బస్సులో టికెట్ ఇచ్చే అతను "ఒక్కరేనా?" అన్నాడు. "ఊఁ" అన్నాను. పక్క సీటు ఖాళీగానే ఉంది, కానీ అది తడిసి ఉంది.

ఆ రోజు నుంచి నాకు కాదు అనే మాట లేదు. వద్దు అందామంటే ఊఁ. లేదు అందామంటే ఊఁ. పాలవాడు రెండు ప్యాకెట్లు ఎక్కువ వేయనా అంటే ఊఁ. మిగతా మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి, అదొక్కటి మిగిలింది. గొంతు పాడైందని చీటీ రాసి మా అమ్మాయికి చూపించాను. దానికి నేను తప్ప ఎవరూ లేరు, నాకూ అదే. ఆఫీసుకి సెలవు పెట్టి, వేడినీళ్ళు కాచి ఇస్తూ నా పక్కనే కూర్చుంది. రోజూ రాత్రి కాగితం ముందు పెట్టుకుని అంతా రాద్దామనుకునేదాన్ని. ఏమని రాయను? కాదన్న మనిషిని అవునన్నాడని చంపానని కన్నకూతురికి ఎలా చెప్పను? ఆ సిగ్గే నన్ను పట్టి ఆపింది.

కానీ రోజులు లెక్కపెట్టడం మానలేదు. ఆయన పన్నెండో రోజు పోయారు. నా పన్నెండో రోజు ఈ రోజే.

బాగా ఆలోచించాను. మేనల్లుడు ఊఁ అన్నాడు, పోయాడు. డాక్టరు ఊఁ అన్నారు, పోయారు. చివరి పిలుపుకి ఊఁ అనకపోతే? అసలు నోరే లేకపోతే? మధ్యాహ్నం భోజనం అవగానే ఇంట్లో ఉన్న సర్జికల్ ప్లాస్టరు తీసి పెదాల మీద నాలుగు వరసలు అంటించుకున్నాను. ముక్కులోంచి కూడా ధ్వని రాకుండా దూది కూరుకుని, చిన్న సందు మాత్రం ఉంచుకున్నాను. గొంతుకి విశ్రాంతి కావాలని డాక్టరు చెప్పారని అమ్మాయికి రాసి ఇచ్చాను. "ఇదేం వైద్యమమ్మా, దొంగలు కట్టేసినట్టు" అని అది నవ్వింది. వీధి తలుపు గడియ పెట్టాను. కిటికీలు వేశాను. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుని, ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. చీకటి పడితే చూపిస్తాను దానికి. బతికుంటే చూపిస్తాను.

నాలుగు ముప్పావు అయింది.

స్... స్...

మెట్ల మీద. ఒక్కో మెట్టూ ఎక్కి, ఆగి, ఊపిరి తీసుకుంటోంది. గుమ్మం దగ్గర నిలబడింది. అచ్చు సిరా వాసన గడప కింద నుంచి వస్తోంది. నేను రెండు చేతులతో నోరు నొక్కి పట్టుకున్నాను. అడుగు, ఎంతైనా అడుగు, నా దగ్గర నుంచి చిన్న ధ్వని కూడా రాదు. చాలాసేపు ఎదురుచూశాను. ప్రశ్న రాలేదు. నన్ను ఏమీ అడగలేదు.

ఎదురుగా కుర్చీలో ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి, తల ఎత్తకుండానే, "ఊఁ" అంది.

'ఎవరికి చెప్పావు?' అని పెద్ద అక్షరాలతో రాసి దాని ముఖం ముందు పెట్టాను.

"గుమ్మంలో పెద్దాయనకి. వినలేదా? 'అమ్మగారికి మాట రావడం లేదు గనుక మిమ్మల్ని అడుగుతున్నాను, తీసుకెళ్ళమంటారా' అన్నారు. ఆసుపత్రి వాళ్ళనుకున్నా. ఎంత స్పష్టంగా మాట్లాడుతున్నారో."

తలుపు గడియ పెట్టినట్టే ఉంది. అమ్మాయి లేచి నా సంచీలో తువ్వాలు, చెప్పులు సర్దుతోంది. చెయ్యి పట్టుకుని లాగాను. అది నా భుజం నిమిరి, దువ్వెన అందుకుంది.

"భయపడకమ్మా, నేనూ వస్తాగా. త్వరగా చీర మార్చుకో. కింద బండిలో ఇంకో ఇద్దరు మనకోసమే కూర్చుని ఉన్నారట."